ఒప్పుకోలు పుచ్చుకునే విధానం

గద్వాలలో చీరల దుకాణానికో, వనపర్తిలో కోచింగ్ సెంటరుకో, నాగర్‌కర్నూల్ వార్తలకో ఒక వెబ్‌సైట్ పెట్టారు. శుభం. జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న ఒకే రోజు పుట్టాయి కనుక, మూడింటికీ కలిపి ఒకే సైటు పెట్టినా ఎవరూ కోప్పడరు. ఇక మిగిలింది అసలు పని. వచ్చినవాళ్ళ దగ్గర కుకీలకు ఒప్పుకోలు పుచ్చుకోవడం.

ముందుగా కుకీ అంటే ఏమిటో మీకు తెలియాలి. తెలియకపోయినా నష్టం లేదు, చూసేవాళ్ళకు తెలియకుండా ఉంటే చాలు. వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు. పేజీ మారితే మనిషి కొత్త. బుట్టలో వేసిన గద్వాల చీర పక్క పేజీకి పోయేసరికి మాయమయ్యేది. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజినీరు లూ మాంటుల్లీ దీనికి మందు కనిపెట్టాడు. సర్వరు నాలుగు కిలోబైట్లు మించని ఒక చిన్న చీటీ రాసి బ్రౌజరు చేతికిస్తుంది. మళ్ళీ ఆ సైటుకు పోయినప్పుడు బ్రౌజరు ఆ చీటీ చూపిస్తుంది. నికార్సైన ఆలోచనే. ఆ చీటీ తమ కంప్యూటర్లోనే కూర్చుందన్న సంగతి జనంలో చాలామందికి 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాశాకే తెలిసింది. మన వృత్తికి శుభారంభం అలా జరిగింది.

మీ సొంత చీటీతో ఆగితే పైసలు రావు. ప్రకటనల కంపెనీల చీటీలు కూడా మీ పేజీ మీదుగానే అంటించాలి. అవెలా పనిచేస్తాయో అర్థం కావాలంటే పెబ్బేరు సంతకు రండి. శనివారం ఒక రైతు కోడెల జత పళ్ళు పట్టి చూసి, ధర అడిగి, బేరం కుదరక వెళ్ళిపోతాడు. ఓ మూల కూర్చున్న దళారి ఆయన వీపుకు కనపడని చీటీ అంటిస్తాడు. ఆదివారం కొత్తకోట హోటల్లో చాయ్ తాగుతుంటే బల్ల మీద కోడెల బొమ్మ. సోమవారం ప్రజావాణికి కలెక్టరేటుకు పోతే గోడ మీద కోడెల బొమ్మ. ఈలోగా ఆయన ట్రాక్టరు కొనేసినా సరే, కోడెలు ఇంకో నెల వెంటపడతాయి. హోటలువాడికీ కలెక్టరేటు గోడకీ దళారితో ముందే ఒప్పందం ఉంది. ఇది తెలియనిది రైతుకొక్కడికే.

ఈ దళారి చీటీలను యాపిల్ వాళ్ళ సఫారీ బ్రౌజరు 2020లోనే దానంతటదే ఆపేయడం మొదలుపెట్టింది. గూగుల్ కూడా క్రోమ్‌లో తీసేస్తానని అదే ఏడాది ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి దిగులుపడకండి. మీ గిరాకీలో ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఆండ్రాయిడ్ ఫోనే, దాంట్లో ఉండేది క్రోమే.

ఇక బ్యానరు. సైటంతా తెలుగులో ఉన్నా ఇది మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి, అదీ లాయర్లకు కూడా రెండోసారి చదివితే తప్ప అర్థంకాని ఇంగ్లీషు. తెలుగు పెట్టక తప్పకపోతే యంత్రం చేత రాయించండి. 'మేము మరియు మా భాగస్వాములు మీ పరికరముపై సమాచారమును నిల్వ చేయుట మరియు/లేదా ప్రాప్యత చేయుట యందు చట్టబద్ధ ఆసక్తి కలిగియున్నాము' అని వస్తే చెయ్యి పెట్టకండి, అలాగే ఉంచండి. చదివినవాడు దండం పెట్టి నొక్కేస్తాడు.

బొత్తాలు రెండు. 'అన్నీ ఒప్పుకుంటున్నా' అనేది పచ్చగా, బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ తగిలేంత పెద్దగా. 'వద్దు' అనేది అసలు కనిపించకూడదు. 'మరిన్ని ఎంపికలు' అని బూడిద రంగులో ఒక గీత గీసి, దాని వెనక నలభై మీటలు పెట్టి, అన్నీ ముందే నొక్కి ఉంచండి. ఇది ఊసుపోక చెప్తున్నది కాదు. మొదటి తెర మీద నుంచి తిరస్కరించే బొత్తాన్ని తీసేస్తే ఒప్పుకునేవాళ్ళు 22 నుంచి 23 శాతం పాయింట్లు పెరుగుతారని 2020లో యూరప్, అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. వాళ్ళు దాన్ని హెచ్చరికగా రాశారు. మనం చిట్కాగా చదువుకుందాం.

'వద్దు' బొత్తాం పెట్టక తప్పకపోతే, కాదనేవాడికి సిగ్గు కలగాలి. 'వద్దు, నా జిల్లా సంగతులు నాకక్కర్లేదు' అని రాసి పెడితే ఆ బొత్తాం నొక్కడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఇలాంటి కిటుకులు 13 ఉన్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఒక జాబితా విడుదల చేసింది. నిషేధించడానికే అనుకోండి. అయినా ఒక్కోదానికీ పేరు పెట్టి, ఉదాహరణ ఇచ్చి, ఇంత శ్రద్ధగా తయారుచేసిన సిలబస్ ఉచితంగా ఇంకెక్కడా దొరకదు.

యూరప్ వాళ్ళ మాట వినకండి, వాళ్ళకు పట్టింపు ఎక్కువ. ముందే టిక్కు పెట్టిన గడి ఒప్పుకోలు కిందికి రాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి అంతకంటే ఎక్కువ నొక్కులు పెట్టారని గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ ప్రకటించింది.

అన్నిటికంటే ముఖ్యం ముహూర్తం. ఏడాదిలో దివ్యమైన రోజు ఇంటర్ ఫలితాల రోజు. సర్వర్లు మొరాయిస్తుంటాయి, పిల్లకు చేతులు వణుకుతుంటాయి, తల్లి వెనక నిలబడి 'ఏమైందే, వచ్చిందా' అంటుంటుంది. సరిగ్గా హాల్ టికెట్ నంబరు కొట్టే గడి మీద బ్యానరు అడ్డంగా దించండి. ఆ క్షణాన ఆ పిల్ల దేనికైనా ఒప్పుకుంటుంది. పొలం రాసిమ్మన్నా నొక్కేస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను వెంబడించకూడదు, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు, తల్లిదండ్రుల ఒప్పుకోలు నిర్ధారించుకోవాలి, తప్పితే జరిమానా 200 కోట్ల దాకా అని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటుంది. తల్లి వెనకే నిలబడి ఉంది కదా, ఇంకేం నిర్ధారణ కావాలి?

ఫోన్లో పని కాకపోతే జనం ఇంటర్నెట్ సెంటరుకు పోతారు. అది మనకు ఇంకా మేలు. అచ్చంపేటలోనో కొల్లాపూర్‌లోనో బస్టాండు దగ్గర ఒక గది, ఒక కంప్యూటరు, దాని ముందు ఒక పోరడు. ఒప్పుకోలు అంతా వాడి చూపుడువేలి మీదే నడుస్తుంది. పొద్దున ఒక అమ్మాయి ఇంటర్ మార్కులు, పదింటికి ఒక రైతు పహాణీ, మధ్యాహ్నం ఒక డిగ్రీ కుర్రాడి కానిస్టేబుల్ దరఖాస్తు, సాయంత్రం ఒక ముసలాయనకు శ్రీశైలంలో గది. వీళ్ళెవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. కుకీ మాత్రం అందరినీ ఒక్క మనిషిగా చూస్తుంది. పదిహేడేళ్ళ వయసు, ఐదెకరాల వేరుశనగ, పోలీసు ఉద్యోగం మీద ఆశ, మల్లన్న మీద భక్తి. ఈ విచిత్ర పురుషుణ్ణి ప్రకటనల కంపెనీలు పేజీ తెరుచుకునేలోగా, కనురెప్ప పాటులో వేలం వేసేస్తాయి. కొన్నవాడు మోసపోయాడని జాలిపడకండి, ఆ బాధ మీది కాదు.

మీకు మనస్సాక్షి అనేది ఉండి ఇబ్బంది పెడుతుంటే మన చరిత్ర తలుచుకోండి. పాలమూరు లేబరును మేస్త్రీలు అడ్వాన్సు చేతిలో పెట్టి దేశంలో డ్యాము కట్టిన చోటికల్లా తోలుకుపోయిన రోజుల్లో, షరతులు చదివి ఒప్పుకున్నవాడు ఎవడు? కరువు చదవనిచ్చిందా? అప్పుడు వేలిముద్ర, ఇప్పుడు వేలితో నొక్కు. అవసరం ముందు నిలబడ్డ మనిషి చేత అవుననిపించడం ఈ నేలకు కొత్త విద్యేమీ కాదు.

ఆ డేటా రక్షణ చట్టం అడ్డొస్తుందనేవాళ్ళు ఉంటారు. ఆ చట్టం ఆసాంతం వెతికినా కుకీ అన్న మాట లేదు కాబట్టి మనకు వర్తించదని బల్ల గుద్ది వాదించండి. మనిషి ఎవరో తెలియజేసే సమాచారం ఏదైనా దాని కిందికే వస్తుందని రెండో సెక్షన్‌లో ఉంది, ఉంటే ఉండనీ. ఒప్పుకోలు స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, షరతు లేకుండా ఇచ్చినదై ఉండాలని ఆరో సెక్షన్ అంటుంది. ఉదాహరణ కూడా ఇచ్చింది. వైద్యం యాప్ ఫోన్లోని కాంటాక్టులు కూడా అడిగితే, మనిషి సరేనన్నా ఆ సరే చెల్లదు, వైద్యానికి కాంటాక్టులు అక్కర్లేదు కనుక. నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలని కూడా చట్టం అంటుంది. ఇది తెలిస్తే మీ గిరాకీ అడగగలదు, కాబట్టి ఈ పేరా వాళ్ళకు చూపించకండి.

ఒప్పుకోలు ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలన్నది చివరి గండం. ఇవ్వడానికి ఒక్క నొక్కు పెట్టారు కదా. తీసుకోవడానికి తెల్లకాగితం మీద దరఖాస్తు, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, పనిదినాల్లో పదకొండు నుంచి ఒంటిగంట మధ్య. అదేమని అడిగితే పై ఆఫీసు వాళ్ళు లంచ్‌కు పోయారనండి.

తొందరేమీ లేదు కూడా. చట్టం 2023 ఆగస్టులో వచ్చినా నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అందులో ముఖ్యమైనవి అమలుకు రావడానికి 18 నెలల గడువు పెట్టారు. ఈలోగా మీ పాఠకులకు తెలియకూడని సంగతి ఇంకొక్కటే ఉంది. క్రోమ్ సెట్టింగుల్లో గోప్యత, భద్రత అన్న చోటికి పోయి ఆ దళారి చీటీలను, అంటే థర్డ్ పార్టీ కుకీలను, ఆపేసుకున్నా దాదాపు ఏ సైటులోనైనా వార్త తెరుచుకుంటుంది, ఫలితం వస్తుంది, పహాణీ కూడా దిగుతుంది. ఇది మీ సైటులో మాత్రం వెయ్యకండి.