జెండా వెంట చైనా

చైనా లోపలి నగరాలకు గ్రూప్ టూరులో వెళ్తున్నారా? ముందుగా గైడు చేతిలోని జెండా రంగు బట్టీ పట్టండి. టూరు పొడుగునా మీరు తదేకంగా చూడబోయేది దాన్నే. చుట్టూ అదే రంగు జెండాలు ఇంకో నాలుగు ఉంటాయి, కంగారు పడొద్దు. పొరపాటున పక్క గుంపుతో పోయినా చేరేది అదే జేడ్ దుకాణానికి.

ప్రయాణానికి అక్టోబరు మొదటి వారాన్ని మించిన ముహూర్తం లేదు. జాతీయ దినోత్సవ సెలవులకు దేశమంతా ఊళ్ల మీద పడుతుంది. చైనా ప్రజల్ని అంత దగ్గరగా చూసే అవకాశం మళ్లీ రాదు, వీపుల వైపు నుంచే అయినా.

షియాన్‌లో మట్టి సైన్యం చూపిస్తారు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు తగిలిన సైన్యం అది. ఆ రైతుల్లో ఒకాయన తర్వాతి రోజుల్లో మ్యూజియం దుకాణంలో కూర్చుని పుస్తకాల మీద సంతకాలు పెట్టేవాడు. నీళ్ల సంగతేమో గానీ బావి మాత్రం బాగానే పారింది. ఒక్కో సైనికుడి ముఖం ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాలు వెతుక్కుంటూ నిలబడ్డారో, వెనకవాళ్లు మిమ్మల్నీ గుంటలోకి నెట్టి ఆ వరసలో కలిపేస్తారు. అందుకని రెయిలింగు దగ్గర చోటు దొరకగానే సైన్యానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకుని తప్పుకోండి. రెండువేల రెండొందల ఏళ్ల నాటి మనుషులు, మీరు చూడలేదని నొచ్చుకోరు.

అదే ఊళ్లో పెద్ద అడవిబాతు గోపురం ఉంది. హ్యూయన్‌త్సాంగ్ మన దేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాల కోసం 652లో కట్టారు. ఆయన మనకు కొత్తవాడేం కాదు. ధాన్యకటకం, అంటే మన అమరావతి దాకా వచ్చి, కొన్ని నెలలు అక్కడే ఉండి, ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. 645లో ఇల్లు చేరేసరికి పదిహేనేళ్లు దాటిపోయాయి. మంచి ప్యాకేజీ దొరకలేదు పాపం. మీకా ఇబ్బంది లేదు. ఆయన గోపురానికి ఇరవై నిమిషాలు, బాత్రూముతో కలిపి.

అలా మిగిల్చిన సమయమంతా దేనికో తెలుసుగా. బలవంతపు షాపింగును చైనా 2013లో పర్యాటక చట్టం తెచ్చి నిషేధించింది. కాబట్టి ఎవరూ బలవంతం చేయరు. బస్సు మాత్రం దుకాణం గుమ్మంలోనే ఆగుతుంది, బయటికొచ్చే దారి కౌంటర్లన్నీ చుట్టి వస్తుంది, అంతే. జేడ్ మీద టార్చిలైటు వేసి చూపిస్తారు, గాజుకు గాజు తాకించి శబ్దం వినిపిస్తారు. సంగీతం తెలిసినట్టు తల ఊపండి. పట్టు దుప్పట్ల దగ్గర నలుగురిని పిలిచి, నాలుగు మూలలూ పట్టుకుని పట్టుపొరను సాగదీయమంటారు. సాగదీసింది మీరే గనక కొనకపోతే బాగుండదు. "మీకోసం చివరి ధర" అన్నాక ధర ఇంకో మూడుసార్లు దిగుతుంది. గుంపులో ఒక పిన్నిగారు ఓపిక పట్టి నాలుగో ధరకు కొంటారు. మీరు రెండో ధరకే కొన్న సంగతి ఆవిడ దగ్గర ఎత్తకండి, విమానం ఎక్కేదాకా జాలిపడతారు.

జాంగ్‌జ్యాజ్యేలో కొండను ఆనుకుని 326 మీటర్ల లిఫ్టు ఉంది. ఎక్కడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, క్యూ మాత్రం మీ జాతకాన్ని బట్టి. చోంగ్‌చింగ్‌లో రైలు అపార్టుమెంటులోకి దూరి అవతలికి వస్తుంది. కింద నిలబడి, నోరు తెరిచి, రైలును మింగుతున్నట్టు ఫొటో దిగడం అక్కడి ఆచారం. వయసు అడ్డు కాదు. యాంగ్‌త్సీ నదిలో ఓడ మీద పోతుంటే చ్యుతాంగ్ కనుమ వచ్చేసరికి పది యువాన్ల నోటు సిద్ధంగా పెట్టుకోండి. నోటు వెనక ఉన్న బొమ్మ అదే. అందరూ నోటెత్తి కొండతో సరిచూస్తారు. ఫోన్లతో చెల్లించడం మొదలయ్యాక నోటుకు మిగిలిన పెద్ద ఉద్యోగం ఇదే.

ఇక చెంగ్డూ. పాండాలు పొద్దున్నే వెదురు నములుతూ చురుగ్గా ఉంటాయి. మీరు హోటల్లో టిఫిను సాంతం కానిచ్చి పదకొండింటికి వెళ్లండి. హాయిగా నిద్రపోతుంటాయి, ఫొటోలో కదలవు. శాకాహారులు మాపో తోఫు ధైర్యంగా లాగించవచ్చు. అందులో కొట్టిన మాంసం ఉంటుంది గానీ, సిచువాన్ మిరియం తగిలాక నాలుకకు ఏదీ తెలియదు.

ఒక్క హెచ్చరిక. ఆ ఊళ్లో సాయంత్రం ఖాళీ ఇస్తే పీపుల్స్ పార్కు వైపు మాత్రం పోకండి. అక్కడి టీకొట్లో మూతకప్పు టీ ఒకటి కొనుక్కుంటే వేడినీళ్లు పోస్తూనే ఉంటారు, లేవమనే నాథుడుండడు. చెవుల్లో గుబిలి తీసేవాళ్లు ఇనుప పుల్లలు టింగుమనిపిస్తూ తిరుగుతుంటారు. ఒక పక్కన తల్లిదండ్రులు పెళ్లి కావాల్సిన పిల్లల ఎత్తు, చదువు, జీతం కాగితాల మీద రాసిపెట్టి సంబంధాలు వెతుకుతుంటారు. భాష రాకపోయినా మీకు మొత్తం అర్థమైపోతుంది. మీ అబ్బాయి వివరాలు కూడా ఓ కాగితం మీద రాసి పెడదామా అనిపిస్తుంది. కొనడానికి అక్కడ ఏమీ ఉండదు. గైడు ఫోన్ చేస్తుంది, ఎత్తబుద్ధి కాదు.