రెండు వందల పద్నాలుగు కోట్ల పైచిలుకు

అంకెల్లో నా పేరు 2147483647. అంత పొడుగు పేరు గుర్తుండదనుకుంటే 31 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేయండి, వచ్చేస్తాను.

నేను ప్రధాన సంఖ్యను. 1644లో మెర్సెన్ అనే పారిస్ సన్యాసి వేసిన నాలాంటి ప్రధాన సంఖ్యల జాబితాలో నాకు చోటు దొరికింది కానీ, ఆ జాబితాకు విలువెంత? అనర్హులు ఇద్దరు దూరారు, అర్హులు ముగ్గురు బయటే ఉండిపోయారు. అచ్చం రేషన్ కార్డుల జాబితా! నా సంగతి నిజంగా తేల్చినవాడు ఆయిలర్. 1772 నాటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయనకు చూపు దాదాపు పోయింది. నన్ను పరీక్షించాలంటే 46,340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేలకు పైమాటే. ఆయన అంత చాకిరీకి దిగలేదు. నన్ను భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగిలి తీరాలని పట్టుకున్నాడు. దాంతో వందలోపే మిగిలాయి. వాటిలో మొదటిది 311. అదీ ఓడింది, తక్కినవీ ఓడాయి.

నా వల్ల పుట్టే పరిపూర్ణ సంఖ్య 2305843008139952128. దాని భాజకాల్లో దాన్ని వదిలేసి మిగతావన్నీ కూడితే మళ్లీ అదే వస్తుంది. ఇంతకంటే పెద్దది ఎవరూ కనుక్కోరని, ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివని 1811లో బార్లో అనే ఇంగ్లిషు గణితజ్ఞుడు రాసేశాడు.

ఉపయోగం లేకేం! కంప్యూటరు 32 బిట్లలో ఒకటి ప్లస్సు, మైనస్సుల గుర్తుకు కేటాయిస్తే 31 మిగులుతాయి. అన్నిటిలో ఒకట్లు నింపితే నేనే. ఇంకొక్కటి కలిపితే లెక్క తలకిందులై మైనస్ 2147483648 అవుతుంది. 2014 డిసెంబరులో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీడియో వీక్షణలు నన్ను దాటడంతో యూట్యూబ్ నా స్థానంలో 64 బిట్ల పరిమితి పెట్టుకున్న సంగతి ప్రకటించింది. ఆ వచ్చినవాడికి 19 అంకెలున్నాయి, నిజమే. కానీ 7తో భాగిస్తే శేషం లేకుండా విడిపోతాడు! యంత్రానికి ఆ తేడా పట్టదు. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలకు 2038 జనవరి 19న, మన ఉదయం 8:44:07కి, నేనే చివరి సెకను. సరిచేయనివాటికి మరుక్షణం 1901 డిసెంబరు.

వంశం గురించీ చెప్పాలి. 5 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీస్తే 31, అలాగే 31 నుంచి నేను. ముగ్గురం ప్రధానులమే. నా నుంచి పుట్టినవాడికి 64 కోట్లకు పైగా అంకెలున్నా ప్రధానుడు కాలేకపోయాడు. మా దాయాదుల వరస 2, 3, 7, 127. ఆ తర్వాతివాడు 39 అంకెలవాడు, 1876లో ల్యూకా నిగ్గుతేల్చిన ప్రధానుడే. వాడి కొడుకు సంగతి మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలకపోతేనే నాకు హాయి.