లోడెంతుంది?

కొన్ని తప్పులు తప్పని తెలిసిన రోజే ఒప్పేసుకోవాలి. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పరిశోధన చేసే రోజుల్లో మా ల్యాబ్‌కి హై వోల్టేజి యాంప్లిఫయర్ ఎంచే పని సార్ నాకప్పగించారు. చిన్న అద్దం వెనుక, వోల్టేజి ఇస్తే కొద్దిగా సాగే పీజో ముక్క అతికించి ఉంది. దానికి 0 నుంచి 400 వోల్టుల స్క్వేర్ వేవ్ సెకనుకు వెయ్యిసార్లు ఇవ్వాలి. వోల్టేజి 50 మైక్రో సెకన్లలో పైకెక్కాలి, ఎక్కినచోట స్థిరంగా నిలబడాలి.

డేటా షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో 500 వోల్టులు, 100 కిలో హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ అని ఉంది. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ఎక్కే సమయం వస్తుంది: 3.5 మైక్రో సెకన్లు. మాకు కావలసినదానికంటే ఎన్నో రెట్లు వేగం. కరెంట్ 40 మిల్లీ ఆంపియర్లు. అదీ ఎక్కువే అనుకున్నాను. ఎందుకంటే పీజోని మల్టీమీటర్‌తో చూస్తే రెసిస్టెన్స్ మెగా ఓముల్లో ఉంది. కరెంట్ పారని వస్తువుకి కరెంట్‌తో ఏం పని అనుకున్నాను. నా తప్పంతా ఆ ఒక్క ఆలోచనలో ఉంది.

ఆర్డర్ కాగితం మీద సంతకం పెట్టించుకునే రోజున మా ల్యాబ్ అసిస్టెంట్ గారు అడిగారు: “లోడెంతుందో కొలిచావా బాబూ?” “చూశానండీ” అన్నాను. చూసింది రెసిస్టెన్స్. ఆయన అడిగింది కెపాసిటెన్స్. దాన్ని కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ పక్క బల్ల మీదే ఉంది. కొలవడానికి ఒక్క నిమిషం చాలు.

యాంప్లిఫయర్ వచ్చింది. పీజో తగిలించకుండా, మీటరు పొడవు కేబుల్ చివర ప్రోబ్ పెట్టి చూస్తే అల అంచులు గోడలా నిలువుగా ఉన్నాయి. సార్‌ని పిలిచి మరీ చూపించాను. ఆ మధ్యాహ్నం పీజో తగిలించాను. తెర మీద స్క్వేర్ వేవ్ లేదు. ఇంటి కప్పుల్లా వరసగా త్రిభుజాలు! 400 దాకా వెళ్లాల్సింది 200 దగ్గరే తిరిగొస్తోంది.

సిగ్నల్ జనరేటర్ పాడైందనుకుని రెండు రోజులు దాన్ని పరీక్షించాను. మూడోరోజు ఎల్‌సీఆర్ మీటర్ అందుకున్నాను. పీజో కెపాసిటెన్స్ 100 నానో ఫారడ్లు. నేను పరీక్షించిన మీటరు పొడవు కేబుల్‌ది దాదాపు 100 పికో ఫారడ్లే. అసలు లోడు దానికి వెయ్యి రెట్లు.

కెపాసిటర్ వోల్టేజిని మార్చాలంటే చార్జి నింపాలి, మళ్లీ తోడెయ్యాలి. కెపాసిటెన్స్‌ని వోల్టేజి మారే వేగంతో గుణిస్తే కావలసిన కరెంట్ వస్తుంది. 400 వోల్టులు 50 మైక్రో సెకన్లలో ఎక్కాలంటే 800 మిల్లీ ఆంపియర్లు కావాలి. నేను కొనిపించినదానికి ఇరవై రెట్లు. 40 మిల్లీ ఆంపియర్లతో 400 ఎక్కడానికి పూర్తిగా ఒక మిల్లీ సెకను పడుతుంది. అర ఆవృత్తికి ఉన్న వ్యవధి అందులో సగమే.

అల ఆకారమే మొదటి నిమిషంలో జవాబు చెప్పింది. బ్యాండ్‌విడ్త్ చాలకపోతే అంచు గుండ్రంగా వంగుతుంది. కరెంట్ చాలకపోతే తిన్నగా, ఏటవాలు గీతలా ఎక్కుతుంది. నా తెర మీద ఉన్నది తిన్నని గీత. స్క్వేర్ వేవ్ పైన నిలబడి ఉన్నంతసేపూ దాదాపు ఏమీ అడగదు. అడిగేదంతా అంచు దగ్గరే, ఒక్కసారిగా అడుగుతుంది. పైగా అలా నింపి తోడినప్పుడల్లా పోయే శక్తి వేడిగా మారుతుంది. మా కొలతలకి కనీసం 16 వాట్లు. దాన్నీ లెక్కెయ్యలేదు.

రెండో యాంప్లిఫయర్‌కి డబ్బు రాలేదు. ప్రయోగం 100 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. వెయ్యి హెర్ట్జ్ మీదే ఆధారపడ్డ జూనియర్ అమ్మాయి ఆరునెలల పని వదిలేసి అంశం మార్చుకుంది. “ఏమైందన్నా?” అని అడిగితే “యాంప్లిఫయర్ సరిగా లేదమ్మా” అన్నాను. ఆమె నమ్మింది.

యాంప్లిఫయర్ బాగానే ఉంది. డేటా షీట్‌లో రాసిందంతా అది చేసింది. 40 మిల్లీ ఆంపియర్లని అందులో స్పష్టంగానే రాసుంది. కొలవంది నేను, కొలిచానన్నదీ నేనే. తప్పు లెక్కని సార్ క్షమించారు. ఆ అమ్మాయితో అన్న మాటకి మాత్రం క్షమాపణ ఇంతవరకూ అడగలేదు. అమ్మా, ఆరోజు సరిగా లేనిది నేను.