మామ్మ ఓటు ముద్దు, మామ్మ పుండు వద్దు

మా వీధి చివరింటి మామ్మకు 88 ఏళ్లు. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. 2024 మేలో సర్కారే ఆవిడ మంచం దాకా నడిచొచ్చింది. ఇద్దరు పోలింగ్ అధికారులు, ఓ పోలీసు, ఓ వీడియోగ్రాఫరు! 85 దాటితే ఇంట్లోనే ఓటు మరి. అట్ట అడ్డుపెట్టారు, కవరు అంటించారు, దణ్ణం పెట్టి వెళ్లారు. ఆ మర్యాదకు మామ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆవిడ నడుం కింద అరచేయంత పడక పుండు ఉంది. దానికి కట్టు కట్టే నర్సు ఇంటికి రావాలంటే ఏ ఫారం నింపాలి? ఓటుకైతే 12డీ ఉంది. పుండుకి?

కాగితం మీద అన్నీ భేషుగ్గా ఉన్నాయండోయ్! 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం, మంచాన పడ్డవాళ్లను సిబ్బంది ఇంటికెళ్లి చూడాలంది. మామ్మ ఇంకా గుమ్మం వైపే చూస్తోంది. ఇంటి దగ్గర సేవల ఊసెత్తిన వృద్ధుల సంక్షేమ చట్ట సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకొచ్చింది. స్థాయీ సంఘం గడప తొక్కింది, మూలనపడింది, ఆ సభతోపాటే కన్నుమూసింది. ఆలనాపాలనా లేక బిల్లే పోయింది. ఇక ముసలాళ్లెంత?

70 దాటితే ఏటా ఐదు లక్షల ఉచిత వైద్యమట. ఆస్పత్రిలో చేరితేనే సుమా! డైపరు మార్చడం ఆ లెక్కలోకి రాదు. అది కోడలి లెక్క. ఆవిడకీ 62. ఆవిడ మోకాళ్లు ఏ పథకం కిందికొస్తాయో?

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉందిగా అంటారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. కాబట్టి పెద్దలారా, బాత్‌రూంలో జారిపడేదేదో ఆలోపే కానిచ్చేయండి.

80 లోపు వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా 2007లో 200. ఇప్పుడూ 200. రాష్ట్రం ఒకటో తారీఖున 4,000 గుమ్మంలోకే తెచ్చిస్తోంది, కాదనను. అంటే ఇంటి దారి తెలీక కాదన్నమాట!

ఏలినవారి దగ్గర మందు లేకపోలేదు. ముసలాళ్లు పెరిగిపోతున్నారు, ఎక్కువమందిని కనండని 2024 అక్టోబరులో చంద్రబాబు పిలుపిచ్చారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. బాగుంది. ఇవాళ పుట్టినవాడు ఇంజనీరింగ్ చదివి, డల్లాస్ చేరి, వీడియో కాల్‌లో కట్టు కడతాడు కాబోలు.

మామ్మ ఎప్పుడో ఐదుగురిని కంది సార్. నలుగురు దేశంలో లేరు.