ఎండబెడితే కీరా కూడా వస్తాదే

కినోవా గింజ మోజు ఇంకా తీరనే లేదు, కినోవా ఆకు దిగింది. గింజ పేరు చెప్పుకుని ఇన్నేళ్లు దుకాణం నడిపినవాళ్లు ఇప్పుడు ఆకు పట్టుకున్నారు. ఈ ఆకులో నూటికి 30 వంతులకు పైగా ప్రోటీనేనట. ఆ అంకె వింటే మాంసం సిగ్గుపడాలి, కందిపప్పు తలదించుకోవాలి, కోడి గుడ్లు పెట్టడం మానేసి వేరే వృత్తి వెతుక్కోవాలి.

తమాషా ఏమిటంటే అంకె నిజమే. పరిశోధకులు ఆకును ఎండబెట్టి, తేమంతా పోయాక మిగిలినదాంట్లో ప్రోటీన్ కొలిచారు. ఒక మొక్కను ఇంకో మొక్కతో పోల్చడానికి శాస్త్రంలో అది సబబైన పద్ధతే. లెక్క పక్కనే ‘ఎండు బరువు మీద’ అని రాశారు కూడా. ఆ మాట ప్రయోగశాల దాటి పొట్లం మీదికి వచ్చేలోగా ఎక్కడో రాలిపోయింది. నీళ్లతోపాటే ఆవిరైపోయింది కాబోలు.

పచ్చి కినోవా ఆకు వంద గ్రాములు తూచితే ప్రోటీన్ మూడు గ్రాముల దగ్గర తేలుతుంది. పచ్చి తోటకూరలో ఉన్నదీ మూడు గ్రాముల పైచిలుకే. కానీ మూడు అంటే పొట్లం ఎవరు కొంటారు?

సరే, ఎండబెట్టడమే న్యాయమైతే అందరినీ ఎండబెడదాం. పాలకూరలో నూటికి 90 వంతులు నీళ్లు, రెండు గ్రాముల చిల్లర ప్రోటీన్. నీళ్లు తీసేస్తే అది 20 దాటుతుంది. గుడ్డులో ఉన్నది 13. అంటే పాలకూర గుడ్డును చిత్తుగా ఓడించినట్టే. గుడ్డును మాత్రం ఎవరూ ఎండబెట్టరు. ఎండబెడితే అది 50 దగ్గరికి ఎగబాకి ఆట చెడగొడుతుంది. ఇక కీరదోస. నూటికి 95 వంతులు నీళ్లున్న ఆ అమాయకప్రాణిని ఎండబెట్టినా మిగిలినదాంట్లో 13 వంతుల దాకా ప్రోటీనే. గుడ్డుతో సరిసమానం! ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు గమనించగలరు. రెండు కిలోల కీరాకు వంద గ్రాముల పొడి వస్తుంది. మిగతా నీళ్లను సీసాల్లో పోసి, మంచి పేరొకటి పెట్టి విడిగా అమ్ముకోవచ్చు.

ఈ విద్యను ఇంతకుముందే మన మునగాకు మీద ప్రయోగించారు. పాలకన్నా 17 రెట్లు కాల్షియం అన్న ప్రచారం వినని చెవి లేదు. అది ఎండిన మునగాకు పొడికీ నీళ్లతో నిండిన పాలకూ పెట్టిన కుస్తీ. పాలను కూడా పొడి చేసి బరిలోకి దింపితే 17 కాస్తా రెండు చుట్టుపక్కలకు జారుతుంది. ఒక గ్లాసు పాల కాల్షియం పొడిలోంచి రావాలంటే నాలుగైదు చెంచాలు మింగాలి. ఇందులో మునగాకు తప్పేమీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. పచ్చి మునగాకులోనే వంద గ్రాములకు 6 గ్రాములకు పైగా ప్రోటీన్, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నాయి. నిజం చెప్పినా గెలిచే ఆకు చేత దొంగాట ఆడించారు, అదీ బాధ.

అంకె తేలిపోతే రెండో బాణం సిద్ధంగా ఉంటుంది: ‘తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలూ ఉన్నాయి!’ ఎందుకుండవు? ఆకు ప్రోటీన్‌లో పెద్ద వాటా ఆ తొమ్మిదీ ఉన్న రుబిస్కో అనే ఎంజైముది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి మొక్కకు తిండి తయారుచేసే పని దానిది. కినోవాలో ఉన్నదీ, తోటకూరలో ఉన్నదీ, పొలం గట్టు మీది గడ్డిలో ఉన్నదీ అదే. ఈ లెక్కన మన గేదె ఈనాటి నుంచి కాదు, పుట్టినప్పటి నుంచీ సూపర్‌ఫుడ్ మీదే బతుకుతోంది. పాపం, ఒక్కసారైనా ఫొటో పెట్టుకోలేదు.

మూడోది కాల్షియం. కినోవా, పాలకూర, తోటకూర, పొన్నగంటికూర అన్నీ ఒకే కుటుంబం. పచ్చిగా ఉన్నా ఎండినా కాల్షియాన్ని పట్టుకుని వదలని ఆక్సలేట్లు ఆ ఇంటివాళ్లలో చాలామందికి ఉన్న గుణం. పాలకూరలోని కాల్షియంలో ఒంటికి పట్టేది నూటికి 5 వంతులు, పాలలోదైతే 30కి పైనే. ఆకులో ఉన్నదాన్ని పొట్లం ముందువైపు పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తారు. ఒంటికి పట్టేదాన్ని రాయడానికి మాత్రం ఏ వైపూ చోటు చాలదు.

బొలీవియా, పెరూ దేశాల్లో టిటికాకా సరస్సు చుట్టుపక్కల రైతులు వేల ఏళ్లుగా కినోవా పండిస్తున్నారు. లేతాకు కోసుకుని కూరగా తింటారు, అంతే. ప్రపంచానికి మాత్రం కినోవాలో మహిమ ఈమధ్యే కనిపించింది, ఐక్యరాజ్యసమితి 2013ను కినోవా సంవత్సరంగానే జరిపింది. అదే ప్రజాతికి చెందిన చక్రవర్తికూరను పంజాబ్ గోధుమ చేలలో కలుపుమందు కొట్టి చంపుతున్నారు. చెల్లెలికి విషం, అక్కకు విమానం టికెట్టు! మనవైపు బతుకమ్మలో పేర్చే గునుగూ ఈ కుటుంబానిదే, దాని లేతాకూ తింటారు. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఎవరూ విత్తకుండా చేలలో మొలిచే దొగ్గలికూర, తుమ్మికూర లాంటివాటిని కలుపని పారేయకుండా కూర వండుతున్నారు. వాటికి ‘రెట్లు’ లేవు, అందుకే రేటూ లేదు.

అనంతపురం జిల్లాలో కినోవా పంట కూడా వేశారు. అలాంటి చేను దగ్గరలో ఉంటే లేతాకు కోసుకుని నిక్షేపంగా పప్పులో వేసుకోండి. మంచి కూరే. పొడి డబ్బా పట్టుకుని ఎవరైనా ‘ఇన్ని రెట్లు’ అంటూ గుమ్మమెక్కితే మాత్రం రెండు ప్రశ్నలు వేయండి. పచ్చిదా, ఎండుదా? రోజుకు ఎన్ని చెంచాలు? మొదటి ప్రశ్నకు అంకెలోంచి సున్నా రాలుతుంది. రెండో ప్రశ్నకు బేరమే రాలిపోతుంది.