దులీప్ బొమ్మ ఆత్మకథ

నేను అరచేతిలో ఇమిడిపోయే అట్టముక్కని. 1930లో నాటింగ్‌హాంలోని జాన్ ప్లేయర్ సిగరెట్ కంపెనీ వేసిన యాభై మంది క్రికెటర్ల బొమ్మల్లో ఒకదాన్ని. పెట్టె నలగకుండా సిగరెట్ల పక్కన అట్ట పెట్టడం పాత అలవాటే. దాని మీద ఆటగాడి బొమ్మ వేస్తే, యాభై పూర్తయ్యేదాకా జనం ఆ సిగరెట్టే కొంటారని కంపెనీ లెక్క. బ్రాడ్‌మన్, హాబ్స్ నా తోటివాళ్లే.

నా మీదున్నది దులీప్‌సింహ్‌జీ. కథియవాడ్‌లో పుట్టి ఇంగ్లండ్ తరఫున ఆడినవాడు. ఆ ఏడాది మే నెలలో ససెక్స్ జట్టుకు ఒక్క రోజులో 333 పరుగులు చేశాడు. ఆస్ట్రేలియా మీద తన మొదటి టెస్టులో, లార్డ్స్‌లో, 173 కొట్టాడు. రెండేళ్లకే క్షయ ఆయన్ని ఆట మాన్పించింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి బొమ్మతో నేను సిగరెట్లు అమ్మిపెట్టాను. ఆ బాధ నాకింకా ఉంది.

నన్ను మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్నది కృష్ణపట్నం ఉప్పు కొటారు గుమాస్తా. బకింగ్‌హాం కాలువ మీద పడవలో, ఆయన చొక్కా జేబులో ఈ ఊరొచ్చాను. ఇక్కడి ఉప్పుగాలి అట్టకు శత్రువు. నా అంచులు ఉబ్బాయి, వెనకాల మచ్చలు లేచాయి. ఆయన బిస్కెట్ డబ్బాలో ఎండు వేపాకు వేసి, వానాకాలమంతా మూత తియ్యనిచ్చేవాడు కాదు.

ఆయనకు అసలు కావలసింది సి.కె. నాయుడు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబం వాడు, 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 కొట్టినవాడు. మా యాభై మందిలో ఆయన లేడు. భారతదేశానికి అప్పటికింకా టెస్టు జట్టే లేదు మరి. 1932 జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్టుకు నాయుడు కెప్టెన్‌గా దిగాడు. మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో ఎక్కువ పరుగులు, 40, ఆయనవే. పత్రికలో ఫొటో పడ్డ రోజు గుమాస్తా ఒక సిజర్స్ సిగరెట్ పెట్టె విప్పి, సరిగ్గా నా కొలతకు కత్తిరించి, మైదా జిగురుతో ఆ ఫొటో అంటించాడు. వెనక వైపు పరుగులూ వికెట్లూ తన చేత్తో తెలుగులో రాశాడు. నా వెనకున్న అచ్చు అక్షరాలకంటే ఆ రాత నాకిష్టం.

ధర మాటకొస్తే, అమెరికాలో 1909లో మొదలైన ఒక పొగాకు బొమ్మల వరుసలో హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడిది 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. నాలాంటివి అప్పట్లో కుప్పలుగా అచ్చయ్యాయి కాబట్టి నాకు పెద్ద ధర రాదు. జిగురు నాయుడికైతే బజారే లేదు. అలాంటిది లోకంలో అదొక్కటే!

ఇప్పుడు డబ్బా గుమాస్తా మునిమనవరాలి దగ్గరుంది. పోర్టులో ఉద్యోగం. మా ఇద్దరినీ చెమ్మ తగలని కవర్లలో పెట్టింది. నిరుడు ఒకాయన నన్నొక్కణ్ణే అమ్మమని అడిగాడు.

"ఇద్దర్నీ విడదియ్యనండీ," అంది.

ఆ తొలి టెస్టు పదకొండు మందికీ అదే కొలతలో బొమ్మలు చేస్తోంది, వెనకంతా తెలుగులోనే. నిసార్, అమర్ సింగ్, వజీర్ అలీ అయిపోయారు. కౌలాలంపూర్‌లో పుట్టిన లాల్ సింగ్‌కు మంచి ఫొటో కోసం వెతుకుతోంది.