మద్దెల మార్చు విధానం

ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ని తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం గానీ, ఆ మద్దెలను విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. నిజంగానే ఓడై ఉండొచ్చు కదా! పాపం, అతనికి దాన్ని మార్చుకునే వీలు లేకపోయింది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు ఆ వీలు 1972 నుంచి ఉంది. ఆ ఏడాది న్యూయార్క్‌లో లారీ డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’ అనే పికప్ చేసి, మీ గిటార్లో పాతది పీకేసి ఇది పెట్టుకోండని విడిగా అమ్మాడు. నాలుగేళ్లకు కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో సీమోర్ డంకన్ కూడా కంపెనీ పెట్టాడు. ఇక ‘నాకు వాయించడం రాదు’ అని ఒప్పుకోవాల్సిన అగత్యం ఎవరికీ లేకుండా పోయింది. ‘పికప్ బాలేదు’ అంటే సరిపోతుంది. ఆ మాట ధైర్యంగా అనదలచినవారి కోసమే ఈ సలహాలు.

పికప్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. అంతకుమించి తెలిస్తే కొనాలన్న ఉత్సాహం చల్లారుతుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చెదిరి రాగి చుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ కరెంటు కేబుల్ పట్టుకుని ఆంప్‌లోకి పోతుంది. అంటే మీ వేలు తీగను ఎలా కదిపితే అలాంటి కరెంటే పుడుతుందన్నమాట. ఈ చివరి వాక్యం వెంటనే మరచిపోండి.

కొనేటప్పుడు చూడవలసింది ఒకే ఒక్క అంకె: కిలో ఓములు. ఒకే చుట్ట (సింగిల్ కాయిల్) ఉండే పాతకాలపు స్ట్రాటోకాస్టర్ పికప్‌కు 6 దగ్గర, రెండు చుట్టలుండే పాతకాలపు హంబకర్‌కు 8 దగ్గర, సూపర్ డిస్టార్షన్‌కు 13 పైన, డంకన్ జేబీకి 16 పైన ఉంటాయి. ఎనిమిదికి పదహారు రెట్టింపు కనుక నాదమూ రెట్టింపే. 43 గేజి తీగ 42 గేజి కన్నా సన్నం కాబట్టి అన్నే చుట్లకు ఎక్కువ ఓములు చూపిస్తుందనీ, సిరామిక్ అయస్కాంతానికీ ఆల్నికో అయస్కాంతానికీ ఉన్న తేడా మల్టీమీటరుకు అందదనీ, చూడాల్సింది ఇండక్టెన్స్ అనీ చెప్పేవాళ్లు ఎదురవుతారు. వాళ్లకు దణ్ణం పెట్టి మీటరు చేతిలోకి తీసుకోండి.

ఈ మీటరు పద్ధతిలో ఇంకో లాభం కూడా ఉంది. వేడెక్కిన రాగికి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 7.5 కిలో ఓములున్న పికప్‌ను మే నెలలో రెంటచింతల తీసుకెళ్లి 45 డిగ్రీల ఎండలో కొలిస్తే 8.2 చూపిస్తుంది. అదే పికప్‌ను డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి చలిలో కొలిస్తే 7 దగ్గరికి దిగుతుంది. లంబసింగిలో కొని రెంటచింతలలో అమ్మేవాడు తీగ ఒక్క చుట్టు చుట్టకుండానే సరుకుకు బలం పెంచగలడు. బస్సు ఛార్జీలు పోను ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలైన ప్రమాదం దగ్గరికి వద్దాం. పికప్‌కు రెండు కొసల్లో రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి అలంకారానికి పెట్టినవి, ముట్టుకోవద్దు. వాటిని తిప్పితే పికప్ పైకీ కిందికీ జరుగుతుంది. తీగలకు దగ్గరైతే గొంతు పెద్దదై మొరటుదేరుతుంది, దూరమైతే గొంతు తగ్గి తేటపడుతుంది. బొంగురు తీగల వైపు కొంచెం దించి, సన్న తీగల వైపు కొంచెం లేపితే ఆరు తీగలూ సమానంగా పలకడం మొదలుపెడతాయి. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ నడుమ రెండు మిల్లీమీటర్ల సందుతో మొదలుపెట్టి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ వింటూ పోతే సగం మందికి కొత్త పికప్ అవసరమే తీరిపోతుంది. వంటింటి సొరుగులో పడివున్న స్క్రూడ్రైవర్‌తో పనైపోతే మనం సరుకు కొనేదెప్పుడు?

అన్నగారి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతుంటే మరీ జాగ్రత్త. ‘బాబాయ్, ఒక్కసారి ఆ స్క్రూ తిప్పి చూద్దామా?’ అని మెల్లగా అడుగుతాడు. ‘నీకు తెలీదురా, ఇది చెక్కతో వచ్చిన గొడవ’ అని పంపించేయండి. అయినా తిప్పి తీరాలనిపిస్తే సగంలో ఆగకండి, అయస్కాంతం తీగకు తగిలేదాకా లేపండి. స్ట్రాటోకాస్టర్ రకంలో అయస్కాంతపు కడ్డీలే పైకి వచ్చి ఉంటాయి కనుక అవి లావు తీగను పట్టి లాగుతాయి. పై ఫ్రెట్లలో ఒక్క స్వరం మీటితే రెండు స్వరాలు తగువాడుకుంటున్నట్టు వణుకు వస్తుంది, శ్రుతి ఎంత సరిచేసినా కుదరదు. అప్పుడు బ్రిడ్జి మార్చండి, ఆపైన ట్యూనింగ్ కీలు మార్చండి.

తీగలు మార్చవద్దు. విశాఖ బీచ్ రోడ్డు గాలికి సంక్రాంతినాడు వేసిన తీగలు ఉగాదికే తుప్పు పట్టి ఉంటాయి. ఆ మసక నాదానికి కారణం పికప్పేనని గట్టిగా నమ్మండి. కొత్త పికప్ పెట్టేటప్పుడు ఎలాగూ తీగలు విప్పాలి కనుక కొత్తవి వేస్తారు. నాదం మెరిసిపోతుంది. ఆ పుణ్యమంతా పికప్ ఖాతాలో రాయండి.

కేబుల్ జోలికి కూడా పోవద్దు. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. అది పికప్ కాయిల్‌తో కలిసి ఒకచోట శిఖరం కడుతుంది. ఆ శిఖరం ఎక్కడుంటే అక్కడి ధ్వనులే చెవికి ముందు తగులుతాయి. 2.4 హెన్రీల సింగిల్ కాయిల్‌కు మూడు మీటర్ల కేబుల్ తగిలిస్తే శిఖరం 5000 హెర్ట్జ్ దగ్గర, పది మీటర్లది తగిలిస్తే 3000 దగ్గర పడుతుంది. పొట్టి కేబుల్ కొన్నా పికప్ మార్చినంత తేడా వినిపిస్తుందన్నమాట. వాల్యూం నాబ్ కింద ఉండే పాట్ సంగతీ ఇంతే. హంబకర్‌కు 500 కిలో ఓముల పాట్ వాడటం ఆనవాయితీ, సింగిల్ కాయిల్‌కు 250. మీ హంబకర్ 250 పాట్ మీద గొంతు మూసుకుపోయి ఉంటే పాట్ విప్పి చూడకండి. ఇంకా చురుకైన హంబకర్ కొనండి, దాన్నీ ఆ పాట్ కిందే పెట్టండి.

పికప్‌ను చెవితో ఎంచేవాళ్లు అమాయకులు. రంగు చూడాలి. ఈ శాస్త్రానికి పెద్ద చరిత్రే ఉంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ హంబకర్‌ను తయారుచేసి 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది చేతికొచ్చింది 1959లో. ఈలోపు పికప్‌ల అడుగున ‘పేటెంటుకు దరఖాస్తు చేశాం’ అన్న అర్థంలో చిన్న స్టిక్కర్ అంటించేవారు. ఆ ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలే ఇవాళ లక్షలు పలుకుతున్న ‘పాఫ్’. పేటెంటు వచ్చాక కూడా కొన్నేళ్లు ఆ స్టిక్కరే నడిచింది. చివరికి నంబరుతో కొత్త స్టిక్కర్ వేశారు. తీరా చూస్తే ఆ నంబరు హంబకర్‌ది కాదు, లెస్ పాల్ పేరున ఉన్న టెయిల్‌పీస్ పేటెంటుది! అంత భక్తిశ్రద్ధలతో తయారైన సరుకది. ఇన్ని చుట్లకు కచ్చితంగా ఆగాలన్న కట్టడి లేదు. అయస్కాంతం కూడా ఆల్నికోలో ఏ రకం చేతికొస్తే ఆ రకం. అందుకే ఏ రెండు పాఫ్‌లూ ఒక్కలా పలకవు. కొన్నాళ్లు తీగ చుట్టే నల్ల బాబిన్ల బదులు మీగడ రంగువి పడ్డాయి. పైన రేకు మూత ఉండటంతో ఆ రంగు అప్పట్లో ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు మూత ఊడదీసి, లోపల రెండూ మీగడ రంగువైతే ధర పెంచుతున్నారు. కొత్తగా చేసే పికప్‌లకు ఆ జంట మీగడ రంగు మీద అమెరికాలో డిమార్జియోకు ట్రేడ్‌మార్క్ కూడా ఉంది. కాబట్టి రంగు వినిపిస్తుందా అని అడిగేవాడికి వ్యాపారం తెలియదు.

రంగు కుదరకపోతే పేరు చూడండి. మీ అభిమాన వాద్యకారుడి పేరున్న పెట్టెలో అతని వేళ్లు కూడా ఉంటాయి. కానీ అతను ఆ నాదం ఎలా పట్టుకున్నాడో మాత్రం చదవకండి, మనసు పాడవుతుంది. బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ చేసుకోవడం మొదలుపెట్టి, మొదట పికప్‌లు కూడా తనే చుట్టుకున్నాడు. తీగ వంచినప్పుడు వాటిలో వింత చప్పుడు వస్తుంటే పక్కన పెట్టి, బర్న్స్ ట్రైసానిక్‌లు మూడు కొని, లోపల అరల్డైట్ పోసి గట్టిపరిచాడు. ఎడ్డీ వాన్ హేలెన్ ఒక గిబ్సన్ హంబకర్‌ను స్ట్రాట్ ఆకారపు చెక్కలో ఇరికించాడు, కీచుమనకుండా కరిగిన మైనంలో ముంచాడు. చెవికి ఏదో తక్కువగా అనిపించి, ఆ తక్కువ ఏమిటో వెతుక్కుంటూ పోయినవాళ్లు వీళ్లు. మనకంత తీరిక లేదు, పెట్టె మీద పేరుంటే చాలు.

మనవాళ్ల ఉదాహరణలు అసలే పనికిరావు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతే చూడండి. జంట తీగల మామూలు మాండలిన్ మీద కర్ణాటక గమకానికి కావలసినంత నిలకడ రాదని, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కచేరీలు చేశాడు. సభ ముగిశాక జనం రాగం గురించీ గమకాల గురించీ మాట్లాడుకుంటూ ఇళ్లకు పోయారంటే, పికప్ గురించి అడిగే సంస్కారం అప్పటికి మనకు అబ్బలేదన్నమాటే.

హమ్ము గురించి బెంగ వద్దు. సింగిల్ కాయిల్ పికప్ ఇంట్లోని ట్రాన్స్‌ఫార్మర్లూ వైరింగూ చిమ్మే రొదను కూడా ఏరుకుని ఆంప్‌కు అందిస్తుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు చుట్టుతో, ఎదురు ధ్రువాలతో ఉంటాయి కాబట్టి బయటి రొద తనలో తనే కొట్టుకుని పోతుంది, తీగ నాదం మాత్రం కలిసి బలపడుతుంది. అయితే హమ్మును పోగొట్టుకోవడమెందుకు? మన కరెంటు 50 హెర్ట్జ్, జీ స్వరానికి రవ్వంత ఎక్కువ. పాటలన్నీ జీ శ్రుతిలో పెట్టుకుంటే ఖర్చు లేని తంబురా దొరికినట్టే. 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికావాళ్లకు ఈ భాగ్యం లేదు. లోపలి గాడికి రాగి రేకు అంటించుకోమనేవాళ్ల మాట అందుకే వినొద్దంటున్నాను. ఒక్కటి మాత్రం నిజంగా చేయించండి: ప్లగ్గులోని మూడో పిన్నుకు ఇంట్లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. షాక్ కొట్టి మీరు పోతే తర్వాతి పికప్ కొనేవాడుండడు.

ఆర్డరు పెట్టేముందు స్కేలు ముట్టుకోకండి. గిబ్సన్ తరహా హంబకర్‌కు తీగల కింద వరసగా ఉండే స్క్రూలలో ఈ కొసదాని నుంచి ఆ కొసదానికి దాదాపు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా బ్రిడ్జికి సరిపోయేదానికి 53 దాకా ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకు ఏమవుతుందిలే అనుకోవాలి. యాక్టివ్ పికప్ తెప్పించుకుంటే ఇంకా మేలు. దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి, పాట్లు 25 కిలో ఓములవి కావాలి. సముద్రాలు దాటి, కస్టమ్స్ సుంకం కట్టించుకుని పెట్టె ఇంటికొచ్చాక గిటార్లో బ్యాటరీకి చోటు లేదని తెలుస్తుంది. అప్పుడు ఉలి కొనండి.

పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చేటప్పుడు పాతదాన్ని ముందే రికార్డు చేసి పెట్టుకోవద్దు. జ్ఞాపకం మీదే ఆధారపడండి, అది మీ జేబు పక్షాన మాట్లాడుతుంది. రెంటినీ ఒకే శబ్దానికి తెచ్చి వినకండి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు ఏ చెవికైనా అనిపిస్తుంది. ఆ బలహీనతను ఎందుకు పాడుచేసుకోవాలి?

చివరికి సోల్డరింగ్. దీన్ని ప్రోగ్రాం ముందురోజు రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టాలి. నెక్ దగ్గర డంకన్, బ్రిడ్జి దగ్గర డిమార్జియో పెట్టండి, రెంటికీ ఒకే కాగితం చూసి రంగుకు రంగు కలపండి. డంకన్‌లో నలుపు హాట్, ఎరుపూ తెలుపూ కలిపి ముడి, ఆకుపచ్చ ఎర్త్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలిపి ముడి, ఆకుపచ్చ ఎర్త్. ఇన్ని రకాలు గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. డంకన్ కాగితం ప్రకారం డిమార్జియోను కలిపారనుకోండి, అందులోని రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. అడుగు నాదం ఎగిరిపోయి ముక్కుతో మాట్లాడే పీల గొంతు మిగులుతుంది, పోయిందనుకున్న హమ్ము తిరిగొస్తుంది. కంగారు పడొద్దు. గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన 1959 నాటి లెస్ పాల్ గిటార్ కూడా ఇలాగే పలికేదనీ, 2014లో దాన్ని మెటాలికా కర్క్ హామెట్ కొనుక్కున్నాడనీ బ్యాండ్ అంతటికీ చెప్పండి. డ్రమ్మర్ నమ్ముతాడు. బేస్ వాయించేవాడు మాత్రం, ‘అది రెండు పికప్‌లూ కలిపి మోగించినప్పుడు వచ్చేది మామా, ఒకదాని అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల. నీకు ఒక్క పికప్‌లోనే పోయింది, వైర్లు చూసుకో’ అంటాడు. ఇలాంటి చెవి ఉన్నవాడు పక్కన ఉంటే మీ కొనుగోళ్లు ముందుకు సాగవు. అతని బేస్ కూడా ఏదో మూగగా ఉందని ఇవాళే చెవిలో వేయండి.